కడేనా కంచె లోపలి బాల్యం

రెండవ ప్రపంచయుద్ధానంతరం జపాన్ దక్షిణ భాగంలోని ఒకినావా దీవి 1972 మే 15 వరకు అమెరికా పాలనలో ఉంది. ఆ కాలంలో అక్కడి కడేనా వైమానిక స్థావరంలో పెరిగిన అమెరికన్ సైనికుల పిల్లలకు బడి, సినిమాహాలు, కమిసరీ అని పిలిచే సైనిక కుటుంబాల సరుకుల దుకాణం మొదలైనవన్నీ కంచె లోపలే అందుబాటులో ఉండేవి. 1958 నుంచి దీవి అంతటా డాలరే చెలామణి అయినందున, బయటి అంగళ్లలోనూ వారి చేతి చిల్లర చెల్లేది. తండ్రికి బదిలీ కాగానే స్నేహాలు తెగిపోవడం ఆ బాల్యంలోని తీవ్రమైన వేదన. దానిని చిన్న విషయంగా భావించడం తగదు. అయితే ఆ స్థావరం స్థానిక రైతుల పొలాలను కలుపుకొని విస్తరించిందనీ, 1950ల దశకంలో ఆ భూముల హక్కుల కోసం దీవి ప్రజలు ఉద్యమించారనీ చెప్పకుండా ఆ జ్ఞాపకాలను వర్ణిస్తే, కంచెకు ఆవల పెరిగిన పిల్లలకు అన్యాయం జరుగుతుంది.