తులసిదళం: అంతు దొరకని జబ్బు

మా మాస్టారి స్మారకోపన్యాసానికి యండమూరి ‘తులసిదళం’ నవలా అని కొందరు మొహం చిట్లించారని విన్నాను. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రిక రాగానే ముందు ఆ సీరియల్ పేజీలే తిప్పినవాళ్లలో వాళ్లూ ఉంటారని నా అనుమానం.

కథ మీకు తెలిసిందే. శ్రీధర్, శారదలకు లేకలేక పుట్టిన తులసి మీద ఆస్తి కోసం కాష్మోరా అనే క్షుద్రశక్తిని ప్రయోగిస్తారు. పాప మంచం పడుతుంది. ఎన్ని పరీక్షలు చేసినా ఏమీ తేలదు. ఒకపక్క మంత్రతంత్రాలు, ఇంకోపక్క వైద్యం, హిప్నాటిజం సాగుతాయి. పాప బతుకుతుంది. ఎవరి వల్ల బతికిందో మాత్రం యండమూరి తేల్చడు. ఆయన పనితనమంతా అక్కడే ఉంది. హెన్రీ జేమ్స్ కూడా 1898లో ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’లో దయ్యాలు ఉన్నట్టా, పిల్లల్ని చూసుకునే ఆవిడ ఊహించుకున్నట్టా అన్నది తేల్చకుండా వదిలేశాడు.

నన్ను భయపెట్టింది కాష్మోరా కాదు, రిపోర్టులో ఏమీ లేదన్నాక ఎవరి కాళ్లు పట్టుకోవాలో తెలియని తండ్రి. కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందసల నుంచి వచ్చినవాళ్లకు ఆ తండ్రి గురించి నేను చెప్పక్కర్లేదు. షుగరు లేదు, బీపీ లేదు, అయినా కొబ్బరితోటలో పనిచేసే మనిషికి కిడ్నీలు చెడి క్రియాటినిన్ పెరిగిపోతుంది. నీళ్లా, ఎండా, పురుగుమందులా? ఏళ్లుగా వెతుకుతున్నా ఇదీ కారణమని ఎవరూ ఖాయంగా చెప్పలేకపోయారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. వైద్యం దగ్గరికొచ్చింది, జవాబు ఇంకా రాలేదు. ఆ ఖాళీలోకే మంత్రాలు వేసే ఎజ్జోడు వస్తాడు.

అందుకే ఈ నవల మీద రచయిత్రి రంగనాయకమ్మ కోపాన్ని తేలిగ్గా తీసుకోలేను. ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని ఆవిడ రాసిన విమర్శ మీద, నవలకు ముందుమాట రాసిన డాక్టర్ కొమ్మూరి వేణుగోపాలరావు పరువునష్టం దావా వేశారు. కోర్టు సంగతి అలా ఉంచండి. చిల్లంగి, అంటే చేతబడి, పెట్టాడన్న అనుమానంతో మనుషుల్ని చంపిన ప్రాంతం మనది. పట్నంలో కాలక్షేపానికి చదివిన పుస్తకాన్ని ఇక్కడ సాక్ష్యంగా చదివేవాళ్లుంటారు. అయినా తొలి నవల అనుమానాన్ని అనుమానంగానే ఉంచింది. దానికి కొనసాగింపుగా వచ్చిన ‘తులసి’ మంత్రం వైపు ఒరిగిపోయిందని నా అభిప్రాయం.

సినిమావాళ్లు ఆ ఒరుగుడునే పట్టుకున్నారు. 1985లో కన్నడ ‘తులసీదళ’ వచ్చింది. మన ఆమదాలవలస శరత్‌బాబు అందులో నటించారు. మరుసటేడు ‘తులసి’ ఆధారంగా తెలుగులో వచ్చిన సినిమాకు ‘కాష్మోరా’ అనే పేరు పెట్టారు. పేరులోనే భూతం వచ్చి కూర్చున్నాక ఇంక అనుమానానికి చోటెక్కడ? 2016లో ఆర్.పి. పట్నాయక్ ‘తులసీదళం’ తీశారు గానీ ఆ కథ వేరు.

భూతాన్ని చూపించడమే తప్పని నేననను. జేమ్స్ కథను 1961లో ‘ది ఇన్నోసెంట్స్’గా తీసిన జాక్ క్లేటన్, చెరువు అవతల రెల్లులో నిలబడ్డ ఆడమనిషిని పట్టపగలే చూపించాడు. కానీ చూశానన్నది డెబొరా కెర్ పాత్ర ఒక్కతే. అది ఎవరి కళ్లకు కనబడిందో మనం మరిచిపోకుండా జాగ్రత్తపడ్డాడు. తులసిదళాన్ని కూడా అలా తీయొచ్చు. కాష్మోరా భయపడ్డవాళ్లకే కనబడాలి, డాక్టరు చూసినప్పుడు గదిలో పాప ఒక్కతే ఉండాలి. సెకండ్ షో వదిలాక పాపను బతికించింది ఎవరని జనం రైలుగేటు దాటేదాకా కొట్లాడుకోవాలి.