ఏడాది చివర లెక్క



డిసెంబరు ముగియుచున్నది. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో వరి కుప్పలు కళ్ళములకు చేరుచున్నవి. కోతకు ముందు జల్లిన పెసర, మినుము మడులలో మొలకెత్తుచున్నవి. రైతునకు సంవత్సరాంతమును తెలుపునది కళ్ళమే. నూర్పిడి కాగానే ప్రతి ఇంటను లెక్క చూచుకొందురు: తిండికెంత, అప్పునకెంత, విత్తనమునకెంత? విత్తనపు గింజను ముందుగా తీసియుంచిన ఇల్లు రాబోవు తొలకరికి పరుల చేయి చూడనక్కరలేదు.

అయితే ఒక్క యేటితో తేలని లెక్కలును గలవు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లా ఉద్దానములోని కొబ్బరితోటలను నేలగూల్చినది. దేశవాళీ కొబ్బరి మొక్క కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. మరుసటి యేడు మొక్క నాటిన రైతునకు ఎన్నో డిసెంబరులు ఆ చెట్టు పేర ఒక్క కాయయు లేదు; నీరు పోసిన శ్రమ మాత్రమే గలదు. అట్టి శ్రమను నష్టమని వ్రాయరాదు.

కావున ఇంటికి వచ్చినదానితోపాటు నాటినదానిని, బిడ్డల చదువునకు పెట్టినదానిని కూడ లెక్కలో చేర్చుకొందము. వలసపోయినవారు సంక్రాంతికి ఇల్లు చేరినపుడు ఆ లెక్కను వారికిని వినిపింతము. అందులో వారి చెమటయు గలదు గదా!