బొటనవేలికీ శీలం కావాలి
(యువజన ధమ్మ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



సెల్‌ఫోనులను కార్యాలయంలో అప్పగించాలన్నది మన శిబిర నియమాలలో ఒకటి. నిర్వాహకులమైన మేము కూడా దీనికి కట్టుబడి ఉన్నాము. సాయంకాలం అరగంటసేపు మీరు ఇంటివారితో మాట్లాడుకోవచ్చును. అత్యవసరమైతే తల్లిదండ్రులు కార్యాలయానికి ఫోను చేసే ఏర్పాటు ఉన్నది. ఆరోగ్య కారణాల వల్ల ఫోను దగ్గర ఉంచుకోవలసిన వారికి మినహాయింపు ఉన్నది. ఇగత్‌పురిలోని ధమ్మగిరిలో పది రోజుల విపశ్యన శిబిరానికి వెళ్ళేవారు సైతం ఫోనును అప్పగించి మౌనం పాటిస్తారు. కనుక ఈ నియమం మీపై అపనమ్మకంతో పెట్టినది కాదు.

అయితే ఫోను దగ్గర లేనంతకాలం నియమం పాటించడం సులభమే. అది తిరిగి చేతికి వచ్చిన తరువాత మన నడవడి ఎట్లా ఉండాలన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్ననే నేడు మీ ముందు ఉంచుతున్నాము.

ఫోనును శత్రువుగా చూడనక్కరలేదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1920 జనవరి 31న ‘మూక్‌నాయక్’ పక్షపత్రికను ప్రారంభించారు. గొంతు లేనివారికి ఒక గొంతు కావాలన్నది ఆయన సంకల్పం. ఆనాడు ఒక మాట పదిమందికి చేరాలంటే ధనము, కాగితము, అచ్చు, చందాదారులు అన్నీ కావలసి వచ్చేవి. ఈనాడు ఆ శక్తి మన బొటనవేలి కిందికి వచ్చింది. పాళీ తిపిటకాన్ని తెలుగు లిపిలోనే ఫోనులో చదువుకొనే వీలు కూడా కలిగింది. ఇంతటి సాధనంతో పాటు సంపాదకునికి ఉండే బాధ్యత కూడా మన చేతికి వచ్చిందని గుర్తించాలి.

ఆ బాధ్యతను మరచినప్పుడు ప్రాణాలే పోతాయి. 2018 జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా, రైన్‌పాడా గ్రామంలో, పిల్లలను ఎత్తుకుపోయేవారన్న అనుమానంతో ఐదుగురిని గుంపు కొట్టి చంపింది. వారు భిక్షాటనతో బ్రతికే సంచార సమాజానికి చెందిన నిరుపేదలు. ఆ రోజులలో అటువంటి వదంతులు వాట్సాప్ ద్వారా అనేక రాష్ట్రాలలో వ్యాపించాయి. వాటిని పంపినవారిలో చాలామంది తోటివారికి జాగ్రత్త చెప్పుతున్నామనే అనుకొని ఉంటారు. ఆ నెలలోనే, మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా హద్దు పెడుతున్నట్లు వాట్సాప్ ప్రకటించింది. కాని ఐదుగురికి పంపిన అబద్ధం కూడా అబద్ధమే.

కేసపుత్తలో కాలాములకు బుద్ధ భగవానుడు చేసిన బోధ ఇక్కడ మనకు దారి చూపుతుంది. నలుగురూ అంటున్నారని గాని, చెప్పినవాడు పూజ్యుడని గాని దేనినీ అంగీకరించక, స్వయంగా పరిశీలించి మేలు కీడులు తెలుసుకొమ్మన్నారు. మన సంఘం గ్రూపులో వచ్చినా, మన పెద్దలే పంపినా, మన పక్షానికి అనుకూలమైనదే అయినా ఈ పరీక్ష తప్పదు. బాబాసాహెబ్ చిత్రం కింద ఆయన అనని మాటలను చేర్చి పంపడం కూడా ఆయనకు చేసే అపచారమే. అది ఏ గ్రంథంలో, ఏ ప్రసంగంలో ఉన్నదో తెలుసుకొన్న తరువాతనే పంపుదాము.

పంచశీలాలలో నాలుగవది అసత్యాన్ని విడిచిపెట్టడం. సమ్మావాచలో దీనితోపాటు చాడీలు, పరుష వాక్యాలు, వ్యర్థ ప్రలాపాలు కూడా విడువదగినవే. నోటితో అనని మాటను వేలితో రాసినంత మాత్రాన దోషం తొలగిపోదు. ఇక రెండవ శీలం, ఇవ్వనిదానిని తీసుకోకుండుట. నిద్రించే మిత్రుని, కన్నీరు పెట్టుకొన్న సోదరిని, ధ్యానంలో ఉన్న సాధకుని అనుమతి లేకుండా ఫొటో తీయడం ఇవ్వనిదానిని తీసుకోవడమే అని మేము భావిస్తున్నాము. ఒకసారి పదిమందికి చేరిన చిత్రాన్ని పూర్తిగా వెనుకకు తీసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ బాధను ఎక్కువగా మోసేది ఆడపిల్లలే.

కాబట్టి మీ అందరికీ మా విన్నపము ఒకటే. పంపే ముందు ఒక్క శ్వాసను గమనించండి. ఇది సత్యమా, ఇది హితమా, దీనికి ఇది తగిన సమయమా అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. మూడింటికీ అవునన్న సమాధానం రానప్పుడు వేలిని ఆపండి. ఇంట్లో ఒకే ఫోనును అందరూ పంచుకొనేవారు మనలో అనేకులు ఉన్నారు. మీ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు దానిని వాడడం మిమ్మల్ని చూసే నేర్చుకొంటారు. వారికి మీరు ఇవ్వగల మొదటి ధమ్మపాఠం ఇదే కావాలని కోరుకొంటున్నాము.

భవతు సబ్బ మంగళం.