బాలుర విజ్ఞానశాస్త్ర సామర్థ్యము – అంతర్జాతీయ పరీక్షలు

(తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



పిల్లలను బడిలో చేర్చు దినములలో మేము తరచుగ వినుమాట యొకటి కలదు. "అమ్మాయి తెలుగు మీడియములో చదువుకొనును, అబ్బాయి సైన్సు చదువవలసినవాడు గనుక వానిని ఇంగ్లీషు మీడియములో వేయుదుము" అని. ఈ మాటలో రెండు నమ్మకములు దాగియున్నవి. విజ్ఞానశాస్త్రము మగపిల్లవానికి సహజముగ నబ్బునని యొకటి. అది మాతృభాషలో నబ్బదని రెండవది. ఈ రెంటిని ఇతర దేశముల అనుభవముతో పోల్చి చూచుటకే నేడు మీ యెదుట నిలిచితిమి.

పారిస్ నగరమున కార్యాలయముగల ఆర్థిక సహకారాభివృద్ధి సంస్థ 2000 సంవత్సరము మొదలు పదునైదేండ్ల పిల్లలకు పీసా యను పరీక్షను జరిపించుచున్నది. చదివి గ్రహించుట, గణితము, విజ్ఞానశాస్త్రము అను మూడింటిలో ఒక్కొక్క పర్యాయము ఒక్కదానికి ప్రాధాన్యమిత్తురు. 2006, 2015, 2025 సంవత్సరములలో ఆ ప్రాధాన్యము విజ్ఞానశాస్త్రమునకు దక్కినది.

ఇందులో సూత్రములను అప్పగింపుమనరు. 2006 నాటి ప్రశ్న యొకటి చెప్పెదము. ఏథెన్సు నగరమునందలి ప్రాచీన శిల్పములు ఆమ్లవర్షమువలన క్షీణించుటను గూర్చి కొన్ని వాక్యములు చదివించి, పిదప నిట్లడిగిరి: 2.0 గ్రాముల పాలరాతి ముక్కను రాత్రియంతయు వినెగరులో నుంచి, మరునాడు తీసి ఆరబెట్టినచో దాని బరువెంత యుండును? తగ్గునని చెప్పుట కష్టము కాదు. ఆమ్లము సోకగా రాతిలోని కొంత భాగము బొగ్గుపులుసు వాయువై పోవును, కొంత ద్రవమున కలియును. కాని తరువాతి ప్రశ్న చూడుడు: ప్రయోగము చేసినవారు కొన్ని ముక్కలను స్వేదనజలములో కూడ నుంచిరి, ఏల? రాయి తరుగుటకు కారణము ఆమ్లమే గాని కేవలము తడి కాదని నిరూపించుటకు. రెండవ పాత్ర లేనిదే మొదటి పాత్ర ఏమియు రుజువు చేయదు. ఈ సంగతి గ్రహించిన పిల్లవానికి శాస్త్రము అబ్బినదని మేమందుము. నూటికి తొంబది మార్కులు తెచ్చుకొని దీనికి సమాధానము తోచనివానికి ఇంకను అబ్బలేదు. ఇదే ప్రయోగము మన వంటయింటనే చేయవచ్చును. ఒక గిన్నెలో నిమ్మరసము, మరియొక గిన్నెలో నీరు పోసి, రెంటను ఆల్చిప్ప ముక్కలు వేసి చూచిన చాలును.

ఇక బాలుర మాట. 2015లో ఆ సంస్థ సభ్యదేశముల సగటున బాలురు బాలికలకంటె 4 పాయింట్లు మాత్రమే అధికముగ తెచ్చుకొనిరి. 2018లో బాలికలే 2 పాయింట్లు ముందుండిరి. 2022లో చెప్పుకొనదగిన భేదమే లేదు. మిక్కిలి పైస్థాయి నందుకొన్నవారిలో మాత్రము 2015లో పలుదేశముల బాలుర సంఖ్యయే హెచ్చు. సహజ ప్రతిభ యనువారు దీనినే చూపుదురు. కాని ఫిన్లాండు ముచ్చట వేరు.

2006లో ఫిన్లాండు విజ్ఞానశాస్త్రమున 563 పాయింట్లతో లోకమునకే ప్రథమస్థానమున నిలిచినది. అప్పుడచ్చటి బాలుర సగటు 562, బాలికలది 565; ఇంచుమించు సమానము. తొమ్మిదేండ్లు గడచి 2015 వచ్చుసరికి బాలికల సగటు 541 కాగా, బాలురది 521కి దిగినది. అవే బడులు, అవే తరగతి గదులు. ఆ యేట పైస్థాయిలో బాలికలు బాలురను మించిన దేశ మదియొక్కటే. అదే పరీక్షలో చదివి గ్రహించుటయందు ఫిన్లాండు బాలురు బాలికలకంటె 47 పాయింట్లు వెనుకబడియుండిరి. ఇదొక్కటే కారణమని తేల్చుట సాహసమగును. అయినను, పైన చెప్పిన ప్రశ్నను మరల తలచుకొనుడు. శిల్పములను గూర్చిన వాక్యములను ఓర్పుతో చదువలేని పిల్లవాడు రెండవ పాత్ర వఱకు పోనేపోడు. పుస్తకము విడిచిన బాలునికి ప్రయోగశాలయు దూరమగునని మా యభిప్రాయము.

మనము నివసించు తమిళనాడు కూడ ఒక్క పర్యాయము ఈ పరీక్షకు నిలిచినది. 2009 నాటి పరీక్షను 2010లో ఇచ్చట హిమాచల్ ప్రదేశముతోబాటు జరిపిరి. సభ్యదేశముల సగటు 501 కాగా తమిళనాడునకు విజ్ఞానశాస్త్రమున వచ్చినది 348. కనీసస్థాయి నందుకొన్నవారు నూటికి సుమారు 16 మంది. పిమ్మట 2022 పరీక్ష వఱకును మన దేశము మరల పాల్గొనలేదు. ప్రశ్నలు మన పిల్లల పరిసరములకు తగినవి కావని ఆక్షేపించినవారున్నారు. కొంత నిజముండవచ్చును, కాని నిమ్మరసము ఏ దేశపు పిల్లవానికి పరాయిది?

భాషను గూర్చి రెండు మాటలు. ఈ పరీక్షను పిల్లలు సాధారణముగ తాము చదువుకొను భాషలోనే వ్రాయుదురు. జపాను బాలుడు జపానీయములోనే వ్రాసి 2022లో తన దేశమునకు 547 పాయింట్లు తెచ్చినాడు. ఫిన్లాండులో స్వీడిషు మాటలాడువారు జనాభాలో నూటికి అయిదుగురే, మనవలె అల్పసంఖ్యాకులు. వారి పిల్లలు స్వీడిషు బడులలో చదివి, స్వీడిషులోనే ఈ పరీక్ష వ్రాయుదురు. 2006లో వారు ఫిన్నిషు పిల్లలకంటె కొంత తగ్గినను, సభ్యదేశముల సగటును మించిరి. చిన్న భాష శాస్త్రమునకు అడ్డు వచ్చినచో అది సాధ్యపడునా?

అబ్బాయిని ఏ మీడియములో చేర్తురో నిర్ణయించుకొనువారు మీరే, మేము నిర్బంధింపము. ఎందులో చేర్చినను, నాటి పాఠమును సాయంకాలము ఇంటిలో తెలుగున చెప్పింపుడు. వినువారికి శాస్త్రము రానక్కరలేదు, "ఏల?" యని యడుగగలిగిన చాలును. మన గ్రంథాలయమునుండి పుస్తకములు కొనిపోవువారిలో బాలికలే హెచ్చుగ నున్నారు. ఈ సంవత్సరమునుండి ప్రతి బాలునిచేతను వారమునకొక పుస్తకము తీయింప నిశ్చయించితిమి. అది సంచి విప్పకుండ సోమవారమునాడు తిరిగి రాకుండ చూచుకొను భారము మీది.