భయం పోవాలంటే ముందు ప్రమాదం పోవాలి



మన దగ్గరకొచ్చే స్త్రీలతో మనమంతా అలవాటుగా అనే మాట ఒకటుంది: "భయపడకమ్మా, ధైర్యంగా ఉండు." ఆ మాటతో నిజంగా ధైర్యం వస్తుందా అన్నదే ఈరోజు నా ప్రశ్న. నేను వైద్యురాలిని కాను, సమాజ శాస్త్రం చదివినదాన్ని. అయినా మెదడు గురించి శాస్త్రజ్ఞులు చెబుతున్నవి మన పనికి అవసరమనిపించింది.

1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కుందేలంటే హడలిపోయే దాదాపు మూడేళ్ల పిల్లవాడి భయం పోగొట్టింది. వాడికి ఇష్టమైనవి తినిపిస్తూ, కుందేలును కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చింది. పిల్లలకు ఊరికే మాటలతో నచ్చజెబితే పెద్దగా ఫలితం ఉండదని కూడా ఆమె గమనించింది.

భయాన్ని నేర్చుకోవడంలో మెదడులోని అమిగ్డలా అనే చిన్న భాగం ముఖ్యం. దాన్ని అదుపు చేసేది నుదుటి వెనకనున్న భాగం. భయం పోవడమంటే పాత జ్ఞాపకం చెరిగిపోవడం కాదు, "ఇప్పుడు ప్రమాదం లేదు" అనే కొత్త పాఠం దాని పక్కన చేరడం. ఆ పాఠానికి తోడ్పడే గ్రాహకాలు మెదడులో ఉన్నాయి. క్షయకు వాడే డి-సైక్లోసెరిన్ అనే మందు వాటికి సాయపడి భయాన్ని త్వరగా తగ్గిస్తుందని 2002లో ఎలుకల్లో చూశారు. 2004లో ఎత్తులంటే భయపడే 28 మందితో చేసిన ప్రయోగంలోనూ, చికిత్సతో పాటు ఈ మందు తీసుకున్నవారికి భయం ఎక్కువగా తగ్గింది. తర్వాతి పరిశోధనల్లో ఫలితాలు ఒకేలా రాలేదు. చికిత్స సమయంలో భయం తగ్గకపోతే ఆ మందు భయాన్నే బలపరచే అవకాశముందని కూడా తేలింది.

ఇది మనం ఆలోచించవలసిన విషయం. రోజూ తన్నులు తినే ఇంట్లో ఉన్న స్త్రీ భయం జబ్బు కాదు, అది ఆమెకు తెలిసిన నిజం. ప్రమాదం ఎదురుగా ఉండగా అది లేదని ఆమె మెదడు ఎలా నేర్చుకుంటుంది? సర్దుకుపొమ్మని వెనక్కి పంపిన ప్రతిసారీ ఆమెకు నేర్పేది భయాన్నే. 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు, ఆ ఇంట్లోనే నివసించే హక్కు కోరవచ్చు. ముందు అవి సాధించాలి.

ఇంకో సంగతి. కొత్త పాఠం, నేర్చుకున్న చోటికే అంటిపెట్టుకుని ఉంటుంది. చోటు మారితే పాత భయం తిరిగొస్తుంది. మన ఆఫీసులో గడగడా అంతా చెప్పిన మనిషి కోర్టు వరండాలో భర్తను చూడగానే బిగుసుకుపోతుంది. "అబద్ధాల కేసు" అని అవతలివాళ్లు అంటారు. కాబట్టి వాయిదాకు ముందే ఒకసారి ఆమెను అక్కడికి తీసుకెళదాం, వాయిదా రోజు పక్కన నిలబడదాం.

ధైర్యం చెప్పడం మానమనడం లేదు. ఆ ధైర్యం నిలిచే పరిస్థితి కల్పించడం కూడా మన పనే అంటున్నాను.