పాటకు జీతమొచ్చింది, అనుమానం పోలే
(కళాకారుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



సృజన స్వేచ్ఛ గురించి మాట్లాడమన్నరు. స్వేచ్ఛ అనంగనే మనకు సెన్సారు, పోలీసు, నిషేధం గుర్తుకొస్తయి. అవి లేవని కాదు. కానీ పనిచేసి బతికే కళాకారుని స్వేచ్ఛ ఎక్కువసార్లు పోలీసు ముందు పోదు, నెలాఖరుకు కిరాణా దుకాణం ముందు పోతది. ఆ సంగతి మాట్లాడుకుందాం.

2002ల కామారెడ్డిల ధూంధాం మొదలైనప్పటి నుంచి 2014 జూన్ 2 దాకా మనం పాటల ఎనకనే నడిచినం. వార్త రాసుకుందామని పోయి, నోటుబుక్కు జేబుల పెట్టి మేమే కోరస్ అందుకున్న రాత్రులున్నయి. అప్పుడు గాయకునికి బస్సు కిరాయి దొరికితే దొరికినట్టు. అయినా పాట మీద అనుమానం రాలే. ఎదురుంగ వేల గొంతులు అందుకుంటుంటే అనుమానానికి జాగ ఏడుంటది! (జనం చప్పట్లల్ల నాసిరకం చరణాలు కూడా నెగ్గుకొచ్చినయి, అది వేరే ముచ్చట.)

రాష్ట్రం వచ్చినంక సాంస్కృతిక సారథి వచ్చింది. ఐదు వందల పైచిలుకు కళాకారులకు నెల జీతం. దాన్ని చిన్నచూపు చూసేటోళ్లతో మాకు పేచీ ఉంది. గజ్జెకట్టి ఉద్యమాన్ని మోసినోళ్ల ఇంట్ల పొయ్యి వెలిగితే తప్పేంది? యూనివర్సిటీల పాఠం చెప్పేటాయన జీతం తీసుకుంటే అమ్ముడుపోయిండని ఎవరూ అనరు. పాటగాడు తీసుకుంటెనే అంటరు. కానీ జీతం ఎంట ఒక పని కూడా వచ్చింది. సర్కారు పథకాల మీద పాట కట్టి ఊరూరు చెప్పుడు. సర్కారును నిలదీసిన గొంతే సర్కారు మాట చెప్పాలె. నేను పాడుతున్నది నా పాటేనా అనే అనుమానం అక్కడ మొదలైతది.

ఈ మాట రాంగనే పోతనను ముందుకు తెస్తరు. భాగవతాన్ని రాజుకు అంకితమియ్యక నాగలి పట్టిండని మనం చెప్పుకునే కథ. గొప్ప కథనే. కానీ ఆ కథల పోతనకు దున్నుకునే పొలముంది. గుంట జాగ లేని కళాకారునికి ఆ కథ చెప్పి నీతులు చెప్పుడు సులువు.

డచ్చి చిత్రకారుడు వాన్‌గో సంగతి చూడుండ్రి. 27 ఏండ్లకు, 1880ల బొమ్మల దారి పట్టిండు, 1890ల చనిపోయిండు. ఆ పదేండ్లల్ల శానా మటుకు తమ్ముడు థియో పంపిన పైసలతోనే రంగులు, రొట్టె. వెలుగు రంగులు చూడమని తమ్ముడు సలహా చెప్పిండు గానీ హుకుం చెయ్యలే. అయినా వాన్‌గో ఉత్తరాల నిండ బాకీ బరువే. తమ్ముని సొమ్మే అంత బరువైతే సర్కారు సొమ్ము ఎంత బరువుండాలె! 1885ల 'ఆలుగడ్డలు తినేటోళ్లు' వేసిండు. దీపం కింద ఒక రైతు కుటుంబం, మొరటు చేతులు. దాని కోసం రైతుల మొహాలు ఎన్నోసార్లు గీసి చూసుకున్నడు. తోటి చిత్రకారుడు రాపర్డ్ దాన్ని చెండాడిండు, దోస్తాన్ తెగింది. రెండేండ్లకు చెల్లెకు ఉత్తరం రాస్తూ, తను వేసినవాట్ల అదే మేలైందన్నడు.

చెయ్యి ఇంకా తిరగలేదనే అనుమానం పనికొచ్చేది. అది మళ్ల గీయిస్తది. మన యాస, మన మొహాలు కళకు పనికొస్తయా అనే అనుమానం మాత్రం మనది కాదు, సినిమాలల్ల మన మాటను విలన్లకు, జోకర్లకు ఇచ్చినోళ్లు మనల నాటింది. కరీంనగర్ పల్లెల పుట్టిన తోట వైకుంఠం బరోడా దాకా పోయి చదువుకున్నడు. ఆఖరుకు పట్టుకున్నది తన ఊరి ఆడవాళ్ల పెద్ద బొట్టును, ముదురు రంగుల చీరలను. 1988ల వచ్చిన 'దాసి' సినిమాకు కళా దర్శకునిగ జాతీయ అవార్డు కూడా ఆయనకే వచ్చింది.

ఇగ, సదస్సు తీర్మానాలల్ల ఒక మాట చేర్చమని అడుగుతున్నం. జీతం ఆగొద్దు. డ్యూటీ అయినంక ఇంటికాడ రాసుకునే పాట మీద, అది ఎవరిని నిలదీసినా సరే, ఏ ఆఫీసుకూ పెత్తనం ఉండొద్దు. ఇది ఏ పార్టీ గద్దె మీదున్నా వర్తించాలె.