ఆఖరి బిళ్ళ మన చేతిలో లేదు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సమావేశంలోనూ డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మరో విషయం చెప్పమని కార్యదర్శిగారు కోరారు. అందుకని మన సంఘం గదిలో సాయంత్రం పూట నడుస్తున్న స్క్రాబుల్ ఆట గురించి నాలుగు మాటలు చెబుతాను. ఇదేమిటి, పిల్లల ఆట గురించి ప్రసంగమా అనుకోకండి. లెక్కల విభాగంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాణ్ణి. ఏది చూసినా జమాఖర్చు వేయడం అలవాటైపోయింది. ఈ ఆటలోనూ జమాఖర్చు ఉంది.

ముందుగా ఆట తెలియని వారి కోసం. అమెరికాలో ఆల్ఫ్రెడ్ బట్స్ అనే ఆర్కిటెక్టుకు 1930ల ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయింది. ఖాళీగా కూర్చోకుండా ఆయన వార్తాపత్రికలు ముందేసుకుని ఇంగ్లీషులో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తున్నదో లెక్కపెట్టాడు. దాన్నిబట్టి అక్షరాల బిళ్ళల సంఖ్య, విలువ నిర్ణయించాడు. 1948లో జేమ్స్ బ్రూనో అనే ఆయన ఆ ఆటకు స్క్రాబుల్ అని పేరుపెట్టి అమ్మకానికి తెచ్చాడు. బోర్డు మీద 225 గడులు, సంచిలో 100 బిళ్ళలు. అందులో రెండు ఖాళీ బిళ్ళలు. వాటిని ఏ అక్షరంగానైనా వాడుకోవచ్చు. ఒక్కొక్కరి దగ్గర ఏడేసి బిళ్ళలుంటాయి. ఏడూ ఒకేసారి వాడితే 50 పాయింట్లు అదనం.

చాలామంది దీన్ని పదాల ఆట అనుకుంటారు. నిజానికి ఇది నిర్ణయాల ఆట. పదాలు తెలియడం పెట్టుబడి మాత్రమే. ఆ పెట్టుబడిని ఎప్పుడు, ఎక్కడ, ఎంత ఖర్చు పెట్టాలన్నదే అసలు సంగతి.

ఒక ఉదాహరణ చెబుతాను. ఆట మొదలైంది. మీ దగ్గర టి, డబ్ల్యూ, ఇ, ఎ, కె, ఎస్, ఆర్ ఉన్నాయి. 'ట్వీక్' అనే అయిదక్షరాల మాట వేయవచ్చు. టి, ఇ, ఎ ఒక్కొక్కటి 1 పాయింటు, డబ్ల్యూ 4, కె 5. కె అనే బిళ్ళ అక్షరం విలువ రెట్టింపయ్యే గడిలో పడేటట్లు పెడితే మొత్తం 17. మొదటి పదానికి రెట్టింపు కనుక 34. దాని చివర ఎస్ కూడా తగిలించి 'ట్వీక్స్' అంటే 36. ఎవరైనా 36 వైపే మొగ్గుతారు. కానీ ఆ రెండు పాయింట్ల కోసం మనం ఖర్చు పెట్టింది ఏమిటి? ఒక ఎస్. నూరు బిళ్ళల్లో అవి నాలుగే. బహువచనాలు మరీ తేలికైపోతాయని బట్స్ కావాలనే వాటిని తగ్గించాడు. ఆ బిళ్ళ మీద రాసి ఉన్న విలువ 1. ఆటలో ఆరితేరినవాళ్ళు దాన్ని సుమారు 8 పాయింట్ల సరుకుగా చూస్తారు. ఎందుకంటే బోర్డు మీదున్న పదం చివర దాన్ని చేర్చి, అదే ఎస్‌తో మరో కొత్త పదం నిలువుగా వేయవచ్చు. రెండు పదాలకూ పాయింట్లు వస్తాయి. కాబట్టి ఆట మొదట్లోనే రెండు పాయింట్లకు ఎస్‌ను వదులుకోవడమంటే, నెల మొదటి వారంలోనే రొక్కమంతా ఖర్చు చేసుకోవడంలాంటిది.

అలాగని దాచుకోవడమే ధర్మమని కాదు. ఇలా వదిలిపెట్టిన 'ట్వీక్' చివర ఎదుటివారు కూడా ఎస్ తగిలించవచ్చు. మిగతా ఎస్‌లు మూడు, ఖాళీ బిళ్ళలు రెండు ఇంకా మనకు కనబడకుండా ఉన్నాయి. అంచేత ప్రతి ఎత్తుకూ మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇప్పుడు ఎంత వస్తుంది? నా దగ్గర ఏం మిగులుతుంది? ఎదుటివారికి ఏం దారి తెరుస్తున్నాను? మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయేవాళ్ళు ఎక్కువమంది.

రెండో సంగతి. ఒక్కోసారి మూడు ఐ లు, రెండు యు లు, ఒక వి, ఒక ఓ చేతికొస్తాయి. ఏ నాలుగు పాయింట్ల మాటో వేసి బండి లాగిస్తాం. మళ్ళీ సారి కూడా అదే అవస్థ. సంచిలో ఏడు బిళ్ళలకు తక్కువ కాకుండా ఉన్నంతవరకు, మన వంతు వదులుకుని బిళ్ళలు మార్చుకోవచ్చని నియమం ఉంది. అయినా సున్నా వేయించుకోవడం మనకు నామోషీ. కానీ ఈ వంతులో సున్నా ఒప్పుకుంటే తరువాతి రెండు వంతులు బాగుపడే సందర్భాలున్నాయి.

మూడోది. మనం ముందంజలో ఉంటే బోర్డును బిగించాలి. పెద్ద పదాలకు చోటు లేకుండా చిన్న మాటలతో మూసుకురావాలి. వెనకబడి ఉంటే దారులు తెరవాలి, ప్రమాదమైనా సరే. 2015లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో ప్రపంచ విజేత అయిన వెల్లింగ్టన్ జిగెరె నైజీరియా దేశస్థుడు. పొడుగు పదం చేతిలో ఉన్నా, లాభం అనుకుంటే అయిదక్షరాల చిన్న పదమే వేసి మంచి బిళ్ళలు దగ్గర ఉంచుకోవడం వారి జట్టు సాధన చేసిన పద్ధతి. అదే సంవత్సరం న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్, ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే ఫ్రెంచి స్క్రాబుల్ పోటీలో విజేత అయ్యాడు. పదాలను బట్టీపట్టాడు, నిజమే. కానీ ఏ పదం ఎప్పుడు వేయాలో ఏ నిఘంటువూ చెప్పదు కదా!

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న విషయానికి వస్తాను.

ఆ మధ్య మన గదిలో ఇద్దరు పెద్దలు ఆడుతున్నారు. ఆట చివరికొచ్చింది. ఒకాయన కొద్ది పాయింట్లు ముందున్నారు. సంచిలో మిగిలింది ఒకే బిళ్ళ. బోర్డు మీద పడిన బిళ్ళలన్నీ ఆయన కాగితం మీద టిక్కు పెట్టుకుంటూ వస్తున్నారు. ఆయనకు కనబడని బిళ్ళలు ఎనిమిది: ఎదుటివారి దగ్గర ఏడు, సంచిలో ఒకటి. ఆ ఎనిమిదిలో క్యూ ఉంది. బోర్డు మీద ఒక ఐ పక్కన మంచి గడి ఖాళీగా ఉంది. అక్కడ క్యూ పెడితే 'చీ' అనే రెండక్షరాల మాట అవుతుంది. ప్రాణశక్తి అని అర్థమున్న చైనా మాట అది. ఒక్క దెబ్బకు 31 పాయింట్లు. క్యూ ఎదుటివారి దగ్గర ఉండటానికి ఎనిమిదింట ఏడు పాళ్ళు అవకాశం, సంచిలో ఉండటానికి ఒక పాలు. ఆయన ఆలోచించి ఆ గడి మూసేశారు. తరువాత సంచిలో చెయ్యిపెట్టి ఆఖరి బిళ్ళ తీశారు. అది క్యూ!

వేయడానికి చోటు లేదు. తానే మూశారాయె. ఎదుటివారు బిళ్ళలన్నీ ముగించారు. క్యూ విలువ 10 ఈయనకు తీసివేత, ఎదుటివారికి కూడిక. అంటే ఆ ఒక్క బిళ్ళతో 20 పాయింట్ల తేడా. ఆట పోయింది.

ఆయన బిళ్ళలు సంచిలో పోసి, "ఆ గడి మూయకుండా ఉంటే గెలిచేవాణ్ణి కదండీ! నా తెలివి ఎప్పుడూ ఇంతే. ఇక ఈ ఆట నాకొద్దు" అన్నారు. పదిహేను రోజులు గదివైపు రాలేదు.

నేను వారింటికి వెళ్ళాను. "ఏమండీ, అదే ఆట అదే చోటునుంచి మళ్ళీ ఆడమంటే ఏం చేస్తారు?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "మూసేస్తానండీ" అన్నారు. "మరి తప్పెక్కడుంది?" అన్నాను. ఆయన ఆట గురించి మాట్లాడటం మానేసి, ఉద్యోగ విరమణనాడు వచ్చిన కమ్యుటేషన్ సొమ్ము గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఊరి చివర స్థలం కొనకుండా ఆ డబ్బు కూతురి పెళ్ళికి ఖర్చు పెట్టారట. ఇవాళ ఆ స్థలం ధర విన్నప్పుడల్లా రాత్రిళ్ళు నిద్ర పట్టదట.

మిత్రులారా, మనలో ఇలాంటి క్యూ బిళ్ళ ఒక్కటైనా లేనివారెవరు? ప్రమోషను మీద వేరే ఊరు వెళ్ళకపోవడం, ఇల్లు అమ్మేయడం, పిల్లవాణ్ణి ఫలానా చదువులో వేయడం. ఫలితం చూసి పాత నిర్ణయానికి మార్కులు వేస్తుంటాం. స్క్రాబుల్ ఆటగాళ్ళు అలా చేయరు. ఆట ముగిశాక కూర్చుని, ఆ క్షణాన తెలిసిన బిళ్ళలేవి, తెలియనివెన్ని అని లెక్క చూస్తారు. తెలిసినంతలో లెక్క సరిగ్గా ఉంటే ఓడినా అది మంచి ఎత్తే. లెక్క తప్పితే, సంచిలోంచి మంచి బిళ్ళ వచ్చి గెలిచినా అది చెడ్డ ఎత్తే.

ఇంకొక్క మాట. "మనకింకేం నిర్ణయాలు, అంతా పిల్లలు చూసుకుంటారు" అనడం మనలో అలవాటైంది. సంతకం పెట్టమన్నచోట పెడుతున్నాం. ఈ ఆట ఆడితే మతిమరుపు రాదని చెప్పడానికి నేను వైద్యుణ్ణి కాను. కానీ బోర్డు ముందు కూర్చుంటే మన వంతు మనమే ఆడాలి. పోటీల్లో ఒక్కొక్కరికి 25 నిమిషాలే వ్యవధి. మించితే నిమిషానికి 10 పాయింట్లు కోత. నిర్ణయించకపోవడానికి కూడా ఖర్చుంటుందన్నమాట.

మా మిత్రులు మళ్ళీ వస్తున్నారు. పోయిన వారం నన్ను 43 పాయింట్ల తేడాతో ఓడించారు. బల్ల దగ్గర ఇంకా రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఇంగ్లీషు బాగా రాదని సంకోచించకండి. నోట్ ఫైళ్ళలో రాసినపాటి ఇంగ్లీషు చాలు. చిన్న మాటల జాబితా గోడకు అంటించి ఉంచాం. సోదరీమణులు కూడా రావాలని కోరుతున్నాను.